ఊళ్లో బీపీ సర్వే ఎలా చేయాలి: ప్రశ్న నుంచి పట్టిక దాకా

మహబూబ్‌నగర్‌లో 2016లో, నల్లగొండ, సూర్యాపేటల్లో 2019లో, నాగర్‌కర్నూల్, వనపర్తిలో 2022లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు మొదలయ్యాయి. దక్షిణ తెలంగాణ పల్లెల మీద పరిశోధన చేసే అవకాశం ఇప్పుడు ఇక్కడి విద్యార్థుల గుమ్మంలోనే ఉంది. కమ్యూనిటీ మెడిసిన్ పీజీలు ఎక్కువగా ఎంచుకునేవాటిలో బీపీ సర్వే ఒకటి. పైకి తేలిగ్గా కనిపిస్తుంది: మిషన్ ఉంది, ఊరుంది, ఆశా తోడుంది. కానీ సర్వే చెడేది చాలావరకు గడప దగ్గరే. తాళం వేసిన ఇంటిని వదిలేయడంతో, నులక మంచం మీద కూర్చోబెట్టి చేయి వేలాడుతుండగానే బీపీ చూడటంతో చెడుతుంది. అక్కడ పోయినదాన్ని తర్వాత ఏ సాఫ్ట్‌వేరూ తెచ్చివ్వలేదు. అందుకే ఈ మార్గదర్శిలో లెక్కల కంటే గడప పనికే ఎక్కువ చోటిచ్చాం.

ప్రశ్నను బిగించడం

'నల్లగొండ జిల్లాలో అధిక రక్తపోటుపై అధ్యయనం' అనేది ప్రశ్న కాదు, శీర్షిక. ప్రశ్న ఇలా ఉండాలి: ఫలానా పీహెచ్‌సీ పరిధిలో 30 ఏళ్లు, ఆపై వయసువాళ్లలో బీపీ ఉన్నవాళ్లు ఎంత శాతం, వాళ్లలో తమకు బీపీ ఉందని ఎరిగినవాళ్లు ఎందరు, గోలీలు వాడుతున్నవాళ్లు ఎందరు, అదుపులో ఉన్నవాళ్లు ఎందరు? 30 ఏళ్ల గీతకు కారణముంది. బీపీ, షుగర్ లాంటి అంటువ్యాధులు కాని జబ్బులకు ప్రభుత్వం చేసే ఎన్‌సీడీ స్క్రీనింగ్, ఎవరికి ముప్పు ఎంతో చూడటానికి ఆశాలు నింపే సీబ్యాక్ ఫారం ఆ వయసు నుంచే మొదలవుతాయి. మీ ఫలితాలు పీహెచ్‌సీకి పనికిరావాలంటే వయసు హద్దు కలవాలి.

'ఎలాగూ ఇంటికి వెళ్తున్నాం కదా, షుగర్ కూడా చూద్దాం, ఫ్లోరోసిస్ పళ్లు కూడా చూద్దాం' అనే ఆశ అందరికీ పుడుతుంది. చంపేయండి. షుగర్‌కు పరగడుపున వెళ్లాలి, పళ్లకు వేరే శిక్షణ, వేరే సూచిక కావాలి. ఒక థీసిస్, ఒక ప్రశ్న.

పాత లెక్కలతో జాగ్రత్త

ఉమ్మడి నల్లగొండ, ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాలు 2016 అక్టోబర్ 11న విడిపోయాయి. నారాయణపేట 2019 ఫిబ్రవరిలో వేరైంది. కాబట్టి 2011 జనగణనలోని, 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలోని 'నల్లగొండ' ఇప్పటి నల్లగొండ కాదు. అందులో సూర్యాపేట, యాదాద్రి భువనగిరి కలిసే ఉన్నాయి. 2019-21 సర్వే తెలంగాణను 31 జిల్లాలుగా చూసింది, నారాయణపేటకు అందులో విడిగా అంకెలు లేవు. పైగా బీపీ అంకెలు 2015-16 సర్వేలో 15 నుంచి 49 ఏళ్లవాళ్లవి (మగవాళ్లకు 54 దాకా), 2019-21 సర్వేలో 15 ఏళ్లు దాటిన అందరివీ. రెండింటినీ పక్కపక్కన పెట్టి 'జిల్లాలో బీపీ ఇంత పెరిగింది' అని రాసే థీసిస్ మొదటి అధ్యాయంలోనే దొరికిపోతుంది.

ఎంతమంది కావాలి

బీపీ 30 శాతం మందిలో ఉంటుందని అనుకుందాం. 5 శాతం అటూ ఇటూ తేడాతో తెలుసుకోవాలి. కాలేజీల్లో వాడే సులువు సూత్రం ప్రకారం 4ను 30తో, 70తో గుణించి 5 వర్గంతో, అంటే 25తో భాగించాలి. 336 వస్తుంది. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. కానీ మీరు ఊళ్ల వారీగా గుంపులుగా (క్లస్టర్లుగా) తీసుకుంటున్నారు. ఒకే ఊరివాళ్ల తిండి, పని, దవాఖాన దూరం ఒకేలా ఉంటాయి కనుక 25 మంది నుంచి 25 మందికి సరిపడా కొత్త సమాచారం రాదు. ఆ నష్టాన్ని డిజైన్ ఎఫెక్ట్‌తో పూడుస్తారు. క్లస్టర్‌కు 25 మంది, ఊళ్లోని పోలిక (ఒకే ఊరివాళ్లు ఎంత ఒకేలా ఉంటారో చెప్పే అంకె) 0.04 అనుకుంటే 1 + 24 × 0.04 = 1.96, అంటే సుమారు 2. ఇప్పుడు 672 అయింది. పది శాతం మంది దొరకరు, ఒప్పుకోరు. 672ను 0.9తో భాగిస్తే 747. కాబట్టి 30 క్లస్టర్లు, ఒక్కోదానిలో 25 మంది, మొత్తం 750.

ఇంకో చిక్కు ఉంది. మీ అసలు ప్రశ్న 'అదుపులో ఎందరున్నారు' అయితే ఈ 750 సరిపోకపోవచ్చు. 750లో 30 శాతం అంటే బీపీ ఉన్నవాళ్లు 225 మందే. వాళ్లలో సగం మంది అదుపులో ఉన్నారని తేలినా, ఆ 50 శాతం చుట్టూ అనిశ్చితి కనీసం ఆరున్నర శాతం అటూ ఇటూ ఉంటుంది. ఆ మాత్రం చాలా లేదా అన్నది గైడ్‌తో ముందే తేల్చుకోండి. డేటా చేతికొచ్చాక అడిగితే జవాబు ఉండదు.

అనుమతులు

కాలేజీ ఎథిక్స్ కమిటీ ఆమోదం రాకముందు ఒక్క ఇంటి తలుపు కూడా తట్టకూడదు. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాలే ఇక్కడ కొలబద్ద. ఆమోదం తర్వాత జిల్లా వైద్యాధికారి (డీఎంహెచ్‌ఓ) లేఖ, దాంతో పీహెచ్‌సీ మెడికల్ ఆఫీసర్, ఆ తర్వాత సర్పంచ్, పంచాయతీ కార్యదర్శి. అన్నీ కలిపి రెండు మూడు నెలలు చేతిలో ఉంచుకోండి.

చదువురాని వాళ్ల నుంచి వేలిముద్ర తీసుకుంటే సరిపోదు. సమ్మతి పత్రం చదివి వినిపించినప్పుడు మీ బృందానికి సంబంధం లేని సాక్షి ఒకరు అక్కడుండి సంతకం పెట్టాలి. ఆశా కార్యకర్తను సాక్షిగా పెట్టడం సౌకర్యమే గానీ, ఆమె ఆరోగ్య శాఖ మనిషి. పక్కింటి చదువుకున్న పిల్ల నయం, పద్దెనిమిదేళ్లు నిండి ఉంటే.

ఊళ్లు, ఇళ్లు ఎంచుకోవడం

పీహెచ్‌సీ పరిధిలోని ఊళ్లన్నీ జనాభాతో సహా వరుసగా రాయండి. 2011 జనగణన జాబితాను దించుకుంటే దేవరకొండ, డిండి, చందంపేట వైపు నష్టపోతారు. అక్కడి తండాలు చాలావరకు ఆ జాబితాలో విడిగా లేవు, పెద్ద రెవెన్యూ గ్రామం కింద కలిసిపోయి ఉంటాయి. 2018 పంచాయతీరాజ్ చట్టంతో ఎన్నో తండాలు సొంత పంచాయతీలయ్యాయి. సబ్‌సెంటర్‌లో ఏఎన్‌ఎం దగ్గరున్న జాబితాతో సరిచూసి, తండాలను, ఊరికి దూరంగా ఉన్న కాలనీలను విడిగా ఎక్కించండి.

జనాభా పక్కన కూడుకుంటూ పోయే మొత్తం వేయండి. పరిధి జనాభా 36,000 అయితే 30తో భాగించగా అంతరం 1,200. ఒకటి నుంచి 1,200 లోపు ఒక అంకెను యాదృచ్ఛికంగా తీయండి. 457 వచ్చిందనుకుందాం. కూడిన మొత్తం 457ను దాటే ఊరు మొదటి క్లస్టర్, 1,657ను దాటేది రెండోది, 2,857 మూడోది. పెద్ద ఊరికి రెండు మూడు క్లస్టర్లు పడితే పడనివ్వండి, అది తప్పు కాదు.

ఊళ్లోకి వెళ్లాక బొడ్రాయి దగ్గర నిలబడి సీసా తిప్పి, మూతి ఎటు చూపిస్తే అటు వెళ్లే పద్ధతి పాత పుస్తకాల్లో ఉంది. వద్దు. ఊరి నడిమధ్య ఇళ్లే ఎక్కువగా పడతాయి, ఊరి చివరి వాడలు తప్పిపోతాయి. ఎక్కడ ఎవరి ఇళ్లుంటాయో తెలిసినవాళ్లకు ఇది ఎంత పెద్ద తేడానో వేరే చెప్పక్కర్లేదు. ఒక ఆశా పరిధి సుమారు వెయ్యి మంది, అంటే దాదాపు 250 ఇళ్లు. ఆమె రిజిస్టర్‌లోని ఇళ్ల జాబితా తీసుకుని, ఒకటి నుంచి పది లోపు ఒక అంకె తీసి, అక్కడి నుంచి ప్రతి పదో ఇల్లు. 25 ఇళ్లు వస్తాయి.

ఒక్కో ఇంట్లో ఒక్కరినే తీసుకోండి. 30 దాటిన అందరి పేర్లూ వయసు వరుసలో రాసి, ఫోన్‌లో యాదృచ్ఛిక సంఖ్యతో ఒకరిని ఎంచుకోండి. ఆ ఇంట్లో అర్హులు ఎందరున్నారో తప్పక నమోదు చేయండి. చివర్లో లెక్కలో ఒక్కొక్కరికీ తగిన వెయిట్ (ఆ మనిషి ఎందరి తరఫున లెక్కలోకి వస్తాడో) వేయడానికి ఆ అంకె లేకపోతే పని ఆగిపోతుంది.

ఎంపికైన మనిషి పొలంలో ఉంటే? ఇంట్లో ఉన్న అత్తమ్మకు చూసి సరిపెట్టడం అందరూ చేసే పని. అలా చేస్తే శాంపిల్ నిండా ముసలివాళ్లు, ఆడవాళ్లు. బీపీ శాతం అమాంతం పెరుగుతుంది, పనికిపోయే మగవాళ్లు మాయమవుతారు. మూడు వేర్వేరు వేళల్లో మూడుసార్లు వెళ్లండి. అప్పటికీ దొరక్కపోతే 'దొరకలేదు' అని రాయండి. పక్కింటితో నింపకండి.

పాలమూరు వైపు వలస మరో సమస్య. బొంబాయి, పుణె, హైదరాబాద్ పనులకు పోయిన కుటుంబాల ఇళ్లకు తాళాలుంటాయి. గత ఆరు నెలల్లో ఎక్కువ కాలం ఊళ్లో ఉన్నవాళ్లే నివాసులు అని ముందే నిర్వచించుకోండి. తాళం ఉన్న ప్రతి ఇంటికీ 'వలస', 'తాత్కాలికంగా లేరు', 'ఖాళీ ఇల్లు' అని మూడు కోడ్‌లు పెట్టి, ఇరుగుపొరుగును అడిగి నింపండి. చివర్లో ఎన్ని ఇళ్లు ఎందుకు తప్పిపోయాయో చూపించే పట్టిక మీ థీసిస్‌లో అన్నిటికంటే నిజాయితీ గల పేజీ అవుతుంది.

ప్రశ్నాపత్రం

'వైద్యుడు మీకు రక్తపోటు ఉన్నట్లు నిర్ధారించారా?' అని అడిగితే మొహం చూస్తారు. 'మీకు బీపీ ఉందని డాక్టర్ గానీ సిస్టర్ గానీ ఎప్పుడన్నా చెప్పిండ్రా?' అని రాసుకోండి, అందరినీ అదే మాటలతో అడగండి. 'గోలీలు వాడుతున్నరా?' అంటే ఆర్నెల్ల కింద మానేసినవాళ్లూ ఆ అంటారు. 'పోయిన రెండు వారాల్లో బీపీ గోలీ వేసుకున్నరా?' అని అడిగి, గోలీల పట్టీ చూపించమనండి. పట్టీ మీద పేరు, ఎన్ని గోలీలు మిగిలాయి, ఎక్కడ తెచ్చుకున్నారు (పల్లె దవాఖాన, పీహెచ్‌సీ, మెడికల్ షాపు, ఆర్‌ఎంపీ) రాసుకోండి. నొప్పుల గోలీల పట్టీ తెచ్చి బీపీదని చూపించేవాళ్లూ ఉంటారు.

నల్లగొండ వైపు మందు (మద్యం) గురించి ఒకే ప్రశ్న పెడితే తప్పుడు జవాబే వస్తుంది. కల్లు తాగేవాళ్లు తమను మందు తాగేవాళ్లుగా లెక్కేసుకోరు. కల్లుకు ఒక ప్రశ్న, మిగతావాటికి ఇంకోటి. ఎంత తాగుతారో సీసాల్లో రాసుకోండి, మిల్లీలీటర్లు చివర్లో వేసుకోవచ్చు. పొగాకూ అంతే: బీడీ, చుట్ట, సిగరెట్ ఒక వరుస, తంబాకు, గుట్కా, నస్యం మరో వరుస. ఉప్పు ఎంత తింటారో ఒక్క ప్రశ్నతో తేలదు. నెలకు ఇంటికి ఎన్ని కిలోల ఉప్పు కొంటారు, ఎంతమంది తింటారు అని అడగవచ్చు గానీ అందులోంచే పచ్చళ్లకూ పోతుంది. దాన్ని కొలతగా కాకుండా అంచనాగానే రాయండి.

ఆశాను వెంట తీసుకెళ్లండి, పరిచయం చేయించండి. ప్రశ్నలు మొదలయ్యాక ఆమెను పక్కింటికి పంపండి. ఆమె ఎదురుగా ఉంటే 'గోలీలు రోజూ వేసుకుంటున్న' అనే జవాబే వస్తుంది, వేసుకోకపోతే ఆమె మందలిస్తుంది కాబట్టి. తండాల్లో పెద్దవయసు ఆడవాళ్లకు లంబాడీలో అడిగేవాళ్లు కావాలి. ఆ భాష వచ్చిన ఒకరికి ముందే శిక్షణ ఇచ్చి బృందంలో చేర్చుకోండి. ఇంట్లో మనవడిని దుబాసీగా పెడితే అవ్వ కల్లు సంగతి చెప్పదు.

శాంపిల్‌లో లేని ఒక ఊళ్లో 25-30 మందితో పైలట్ చేశాకే ఫారం ఖాయం చేయండి.

ఎప్పుడు వెళ్లాలి

అక్టోబర్ నుంచి పత్తి ఏరుడు, ఆ తర్వాత యాసంగి నాట్లు మొదలైతే పొద్దున తొమ్మిదికి ఊళ్లో ఎవరూ ఉండరు. పొద్దున ఆరు నుంచి ఎనిమిదిన్నర, సాయంత్రం ఐదున్నర నుంచి ఎనిమిది. ఎండాకాలం జనం దొరుకుతారు గానీ వేడికి బీపీ కొంత తగ్గుతుంది, చలికాలం పెరుగుతుంది. సగం క్లస్టర్లు డిసెంబర్‌లో, సగం మే నెలలో చేసి రెండు మండలాలను పోల్చకండి. బతుకమ్మ, దసరా రోజుల్లో వలసపోయినవాళ్లు ఊరికి వస్తారని ఆశపడి వెళ్లేవాళ్లున్నారు. ఆ వారం తిండి, తాగుడు, నిద్ర ఏవీ మామూలుగా ఉండవు.

ఒక్కరికి సమ్మతి, ప్రశ్నలు, కొలతలు కలిపి అరగంట. ఇద్దరి బృందం చెరో ఇంటికీ వెళ్తూ రెండు పూటలా తిరిగితే రోజుకు పన్నెండు మంది. 750 మందికి 63 రోజులు. క్లాసులు, డ్యూటీలు పక్కన పెట్టుకుని ఈ లెక్క వేసుకోండి.

బీపీ చూడటం

మోచేతిపైన కట్టే, ప్రమాణాల ప్రకారం పరీక్షించిన డిజిటల్ మిషన్ వాడండి. మణికట్టు మిషన్లు వద్దు. కఫ్‌లు కనీసం రెండు సైజులు: సాధారణంగా 22-32 సెంటీమీటర్ల చేతికి ఒకటి, 32-42కు ఒకటి. ఎండిపోయిన ముసలి చేతులకు చిన్నది కూడా దొరికితే మంచిది. టేపుతో భుజానికి, మోచేతికి నడుమ చేతి చుట్టుకొలత కొలిచి కఫ్ ఎంచుకోండి. లావు చేతికి చిన్న కఫ్ కడితే బీపీ ఎక్కువ చూపిస్తుంది, సన్న చేతికి పెద్దది కడితే తక్కువ.

గత అరగంటలో చాయ్, బీడీ, కల్లు, బరువు పని ఏమైనా ఉన్నాయా అడగండి. ఉంటే ముందు ప్రశ్నలు పూర్తిచేసి, ఆ తర్వాత బీపీ చూడండి. మూత్రానికి వెళ్లిరమ్మనండి, నిండిన మూత్రాశయం కూడా బీపీ పెంచుతుంది.

కూర్చోబెట్టడంలోనే అసలు చిక్కు. ఊళ్లో మంచం, అరుగు, చాప ఉంటాయి. మూడింటిలోనూ వీపుకు ఆనింపు లేదు. ప్లాస్టిక్ కుర్చీ ఒకటి ఆ ఇంట్లో లేకపోతే పక్కింట్లో ఉంటుంది, అడిగి తెచ్చుకోండి. వీపు ఆనాలి, పాదాలు నేలకు ఆనాలి, కాలు మీద కాలు ఉండకూడదు. చేయి గుండె ఎత్తున ఏదైనా వస్తువు మీద ఆని ఉండాలి. బల్ల లేకపోతే బోర్లించిన డబ్బా మీద మడతపెట్టిన దుప్పటి చాలు. ఎత్తు సరిపోయిందో లేదో చూడటానికి కఫ్ మధ్యభాగం చనుమొనల వరుసలో ఉందా చూడండి. చేయి పది సెంటీమీటర్లు కిందికి ఉంటే ఏడెనిమిది మిల్లీమీటర్లు ఎక్కువ చూపిస్తుంది. 134 ఉన్న మనిషి 142 అయి, 140 గీత దాటి మీ పట్టికలో రోగిగా చేరిపోతాడు. ఇది అందరిలోనూ జరిగితే శాతమే మారిపోతుంది.

కఫ్ బట్టల మీద కట్టకూడదు. బిగుతు జాకెట్ చేతిని పైకి నెట్టితే అదే చేతిని నొక్కిపడుతుంది. ఆడవాళ్లకు లోపలి గదిలో, ఆడ పరిశోధకురాలు చూడాలి. బృందంలో ఒకరు ఆడవాళ్లు ఉండాల్సిందే.

ఐదు నిమిషాలు మౌనంగా కూర్చోబెట్టండి, ఫోన్‌లో టైమర్ పెట్టండి. మాట్లాడితే బీపీ పెరుగుతుంది, అందుకే ప్రశ్నలన్నీ ముందే అయిపోవాలి. మూడుసార్లు చూడండి, మధ్య ఎడం ఒక నిమిషమా మూడు నిమిషాలా అన్నది ముందే ఖాయం చేసుకుని అందరికీ అదే పాటించండి. మొదటిది వదిలేసి చివరి రెండింటి సగటు తీసుకోండి. మొదటి అంకె చూడగానే 'ఎంతుంది సారూ?' అని అడుగుతారు. మూడూ అయ్యాకే చెప్పండి. చెప్పిన మరుక్షణం తర్వాతి అంకె పెరుగుతుంది.

బ్యాటరీ తగ్గితే, నాడి క్రమం తప్పితే మిషన్ ఎర్రర్ చూపిస్తుంది. కొత్త బ్యాటరీలతో మళ్లీ చూసినా అదే వస్తే నాడిని చేత్తో పట్టుకుని చూడండి. క్రమం తప్పి కొట్టుకుంటే ఆ మనిషిని డాక్టర్ దగ్గరికి పంపాలి. వారానికోసారి మిషన్లన్నిటినీ ఒకే మనిషి మీద, సరిచూసిన మరో పరికరంతో పోల్చండి. ఏ మిషన్ నంబరుతో ఎవరికి చూశారో ఫారంలో ఉంటే, తర్వాత ఒక మిషన్ చెడిందని తేలినా ఆ వారం డేటాను గుర్తుపట్టగలరు.

ఎక్కువ వస్తే

హద్దులు సర్వేకు ముందే మెడికల్ ఆఫీసర్‌తో కూర్చుని రాసుకోవాలి. పైది 180 గానీ కిందిది 110 గానీ దాటితే ఆ రోజే పీహెచ్‌సీకి. దాంతోపాటు ఛాతీ నొప్పి, మాట తడబాటు, ఒక వైపు బలహీనత, ఆయాసం ఉంటే 108. 140/90 దాటితే మరో రోజు పల్లె దవాఖానలో మళ్లీ చూపించుకోమని చీటీ ఇవ్వండి. ఒక్కరోజు చూసి 'నీకు బీపీ వచ్చింది' అని ప్రకటించకండి. సర్వే లెక్క వేరు, రోగ నిర్ధారణ వేరు. మీరే గోలీలు ఇవ్వడం మొదలుపెడితే అది వేరే అధ్యయనం అయిపోతుంది.

రోజూ సాయంత్రం

ఓడీకే, కోబో, ఎపికలెక్ట్ లాంటి ఉచిత యాప్‌లు సిగ్నల్ లేకున్నా పనిచేస్తాయి, అమ్రాబాద్ వైపు వెళ్లేవాళ్లకు అదే దిక్కు. పై బీపీ 70 కంటే తగ్గినా, 260 దాటినా యాప్ హెచ్చరించేలా పెట్టండి. పేరు, ఫోన్ నంబరు వేరే ఫైల్‌లో, కొలతలు వేరే ఫైల్‌లో, రెండింటినీ కలిపేది కోడ్ నంబరు ఒక్కటే.

తర్వాత చివరి అంకెలు లెక్కపెట్టండి. డిజిటల్ మిషన్‌లో సున్నా నుంచి తొమ్మిది దాకా ప్రతి అంకె సుమారు పది శాతం సార్లు రావాలి. 750 మందికి మూడేసి అంటే 2,250 కొలతలు, సున్నాతో ముగిసేవి 225 దరిదాపుల్లో ఉండాలి. ఒకరి ఫారాల్లో సున్నాలే గానీ, ఐదులే గానీ ఇరవై, ముప్పై శాతం కనిపిస్తే ఆ మనిషి చూడకుండానో గుండ్రంగానో రాస్తున్నట్టు. సర్వే సగంలో ఉండగానే ఈ పరీక్ష చేయాలి. అయిపోయాక చేస్తే మిగిలేది తలనొప్పే.

లెక్కలు

క్లస్టర్‌ను, ఇంట్లోని అర్హుల సంఖ్యను సాఫ్ట్‌వేర్‌కు చెప్పాకే శాతాలు, వాటి విశ్వాస అంతరాలు (అసలు శాతం ఎంత నుంచి ఎంత మధ్య ఉండొచ్చో చెప్పే హద్దులు) తీయండి. ఆర్ సాఫ్ట్‌వేర్‌లో సర్వే ప్యాకేజీ, ఎపి ఇన్ఫోలో క్లస్టర్ విభాగం ఉన్నాయి. రెండు గుంపుల శాతాల్లో తేడా నిజమా కాదా చూసే మామూలు కైస్క్వేర్ పరీక్ష వేస్తే లేని తేడాలు ఉన్నట్టు కనబడతాయి.

హారం దగ్గర మెలకువగా ఉండండి. ఉదాహరణకు బీపీ ఉన్నవాళ్లు 225, అందులో తెలిసినవాళ్లు 135, గోలీలు వాడేవాళ్లు 108, అదుపులో ఉన్నవాళ్లు 54 అనుకోండి. గోలీలు వాడేవాళ్లలో అదుపు 50 శాతం. బీపీ ఉన్న అందరిలో 24 శాతమే. రెండూ సరైనవే, రెండూ రాయాలి. దేని మీద లెక్కేశారో చెప్పకుండా '50 శాతం అదుపు' అంటే జిల్లా అధికారి సంతోషిస్తాడు, పరీక్షకుడు ఊరుకోడు. గోలీలు వాడుతూ 140/90 లోపు ఉన్నవాళ్లు కూడా బీపీ ఉన్నవాళ్లే. వాళ్లను మొత్తంలోంచి జారవిడవడం తరచూ జరిగే పొరపాటు.

తిరిగి ఇవ్వడం

క్లస్టర్ పూర్తయిన వారంలోపే, సమ్మతి ఇచ్చినవాళ్ల వరకు, 140/90 దాటినవాళ్ల జాబితాను ఏఎన్‌ఎంకు, మెడికల్ ఆఫీసర్‌కు ఇవ్వండి. ఈ ముక్క సమ్మతి పత్రంలో ముందే ఉండాలి. ఇండియా హైపర్‌టెన్షన్ కంట్రోల్ ఇనిషియేటివ్ 2017లో మొదలైనప్పుడు మొదటి రాష్ట్రాల్లో తెలంగాణ ఒకటి కనుక, రోగిని నమోదు చేసుకుని నెలనెలా గోలీలిచ్చే పద్ధతి దవాఖానల్లో ఉంది. మీ జాబితా అందులోకి ఎక్కాలి. రెండు వారాల తర్వాత ఎందరు వెళ్లారో, వెళ్లనివాళ్లు ఎందుకు వెళ్లలేదో ఫోన్‌లో అడిగి ఒక వరుసలో రాయండి. మండల సమీక్షకు ఒక పేజీ తెలుగులో చేయండి: మూడు శాతాలు, ఏ ఊళ్లో గోలీలు అందట్లేదు, ఏ తండా నుంచి పల్లె దవాఖాన ఎంత దూరం.